ఫెయిర్ కాపీ చేసిన చెయ్యి

ఇన్నేళ్లూ ఈ బరువును ఒక్కడినే మోశాను. పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కాపీరైటు చట్టం కొత్తగా వచ్చిన రోజులు. నెల్లూరులో ఒక కాలేజీలో బోటనీ జూనియర్ లెక్చరర్ని. మా హెడ్డు రాఘవయ్యగారు విడవలూరు వైపు ఇసుకదిబ్బలన్నీ ఏళ్ల తరబడి తిరిగి, అక్కడి మొక్కల మీద తెలుగులో పుస్తకం రాశారు. పెద్దల రాతలకు ఫెయిర్ కాపీ చేసిపెట్టడం మా జూనియర్ల వంతు; ఆ పుస్తకానికి చేసింది నేను. అది అయ్యాక చిత్తు కాగితాలు చించెయ్యడం ఆయన అలవాటు.

ఒకరోజు నా పాఠంలో తప్పు పట్టి, పిల్లలందరి ముందూ, "నీకుండేది చేతిరాత ఒక్కటేనయ్యా" అని నవ్వారు. పిల్లలూ నవ్వారు. తప్పు నాదే కావచ్చు, కానీ ఆ నవ్వు చాన్నాళ్లు నన్ను అన్నం తిననివ్వలేదు.

కొత్త చట్టం గురించి అధ్యాపకులకు శిక్షణ పెట్టారు. మద్రాసు నుంచి వచ్చిన వకీలు, ప్రెస్సుకు వెళ్లబోతున్న ఆ ప్రతినే ఉదాహరణగా చేతిలోకి తీసుకున్నాడు. తగాదా వస్తే మొదట చూసేది మూలప్రతిలోని చేతిరాతేనని చెప్పి, ఇది ఎవరిదని అడిగాడు.

లేచాను. "నాదండీ. పుస్తకమూ నాదే. హెడ్డుగారికి భయపడి ఇన్నాళ్లూ నోరు మెదపలేదు."

రాఘవయ్యగారు నావైపు తిరిగారు. "ఆ ఇసకలో నాతో ఒక్కపూటన్నా నడిచినావంటయ్యా?"

"రాత చూడండి సార్. నాకుండేది అదేనని మీరే గదా చెప్పినారు."

ఎంత తియ్యగా ఉందో ఆ క్షణం! చూపించడానికి ఆయన దగ్గర చిత్తుకాగితం ముక్క కూడా లేదు. ఆ ఏడాదే రాజీనామా చేసి వెళ్లిపోయారు. పుస్తకం నా పేరుతో వచ్చింది. తరువాతి శిక్షణల్లో, ఎవరి రాత మీద హక్కు వారిదేనని తోటి అధ్యాపకులకు పాఠం చెప్పడానికి నన్నే పిలిచారు. చెప్పాను కూడా. సిగ్గుపడ్డానా? లేదు. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే పళ్లు కొరుక్కుంటాను.

కానీ ఒకటుంది. దిబ్బల మీద పాకే తీగకు ఆయన ఊదా పూలని రాస్తే, పరాకున నేను తెల్లపూలని కాపీ చేశాను. ప్రూఫుల నాటికి దిద్దే మనిషి లేడు. అచ్చయ్యాకే మొదటిసారి ఆ దిబ్బలెక్కాను. కనుచూపు మేరా ఊదా పూలు.

చెప్పేశాను. కొంచెం ఊపిరాడుతోంది. ఆ పుస్తకంలో నాదంటూ ఉన్నది ఆ తప్పొక్కటే.