అవ్వ తీసిన దిష్టి, 589

కామారెడ్డిలో ఇల్లు మారుతూ అటక దులుపుతుంటే పాత చీరల కింద నా అట్టపెట్టె దొరికింది. మూత తీయగానే ఎండిన తునికాకు వాసన, ఆ వెంటే అవ్వ.

నాయనమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. నాగిరెడ్డిపేటలో కోతలయ్యాక ఇంటింటా వడ్లు ఆరుతూ, కొత్తబియ్యం గంజి వాసన వీధంతా కమ్ముకున్న రోజుల్లో, ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంటే, ఆమె ఆకుపెట్టెనే అడిగి తీసుకుని, ఒక పక్క సన్నని చీలిక కోసి, మరో పక్క సీడీ ముక్క అతికించి, లోపల గడుల కాగితం అంటించి, వెలుగును రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపు చేశాను.

“తెలిసిన రంగులతోని గుర్తులు పెట్టకపోతే గది ఆటబొమ్మనే. రేపు ఎల్లారెడ్డి ప్రదర్శనకు తీస్కపోను,” అన్నారు సైన్సు సారు.

సీఎఫ్ఎల్ బల్బు ఆకుపచ్చ గీత తేలిగ్గానే దొరికింది. అది పడిన గడిలో దాని తరంగదైర్ఘ్యం, 546 నానోమీటర్లు, రాశాను. ఇక ఉప్పు మంటలో వచ్చే పసుపు గీత, 589, దొరికితే మిగతా గడులు లెక్కకొస్తాయి. ఉప్పు డబ్బా ముట్టుకున్నానో లేదో అవ్వ గయ్యిమంది.

“ఉప్పు ఊకెనే పొయ్యిలేస్తరా? లచ్చిమి గది! దిష్టి తీస్తెనే ఎయ్యాలె.”

“అయితే నాకే తియ్యి అవ్వా!”

గుప్పెడు దొడ్డుప్పు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఉప్పు చిటపటలాడింది, పసుపు గీత ఏ గడిలో పడిందో చూసేలోగా మాయమైంది. మనిషికి ఒక్కసారే తీయాలంటుంది కనుక అమ్మను పిలుచుకొచ్చాను, పొలం నుంచి అప్పుడే వచ్చిన బాపును కాళ్ళైనా కడుక్కోనివ్వకుండా లాక్కొచ్చాను, చివరికి లేగదూడనూ తెచ్చాను. గీత మాత్రం చిక్కలేదు, ఇంట్లో ఇంకెవరూ మిగల్లేదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

అవ్వ నా మొహం చూసింది. “రేపు అందరి కండ్లు గీ పెట్టెకే తగుల్తయి. పట్టుకో బిడ్డా, దీనికి గూడ తీస్త.”

పెట్టె చుట్టూ ఉప్పు తిప్పి, ఈసారి చిటికెడు చిటికెడుగా మంటలో చల్లింది. గీత నిలబడింది. గడి దొరికింది.

ప్రదర్శనలో బహుమతి రాలేదు. దిష్టయితే తగల్లేదు కదా అని అవ్వ నిబ్బరంగా ఉంది.

ఇప్పుడు ఆ సీఎఫ్ఎల్ బల్బుల్లేవు. ఎల్ఈడీ వైపు పెట్టెను పెడితే రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి, గీత కనబడదు. కట్టెల పొయ్యీ లేదు, అవ్వా లేదు. గ్యాసు వెలిగించి ఉప్పు తీసుకున్నాను. ఊరికే వేయడానికి చేయి రాలేదు. ముందు పెట్టె చుట్టూ తిప్పి, ఆ తర్వాతే చల్లాను. పసుపు గీత సరిగ్గా 589 మీదే నిలిచింది, కానీ కళ్ళు నిండి ఎక్కువసేపు చూడలేకపోయాను.