ఝాన్సీ తినని డబ్బు

మూడేళ్లుగా నా ఫోన్ మోగితే ముందు గుండె జారుతుంది, తర్వాతే చెయ్యి కదులుతుంది. తెలియని నంబరైతే అసలు ఎత్తను. లోపల ఒక మాట పెట్టుకుని తిరుగుతున్నాను. ఇక నావల్ల కావడం లేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేర్లు మాత్రం మార్చాను.

మాది నరసరావుపేట. పెళ్లి జాకెట్లకు మగ్గం వర్క్ చేసే చిన్న షాపు నాది. ఆ పని నేర్పింది సుభద్రక్క. ఆవిడ షాపు పక్క వీధిలోనే. నాకు సూది పట్టుకోవడం కూడా రాని రోజుల్లో పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పూస కుట్టించిన మనిషి.

ఆవిడ కోడలు ఝాన్సీ. బెల్లంకొండ పిల్ల, డిగ్రీ చదివింది. కాపురానికి వచ్చిన ఏడాదికి అత్త షాపు కోసం ఫోన్లో ప్రకటన పెట్టింది. ఊళ్లో ఎవరు మగ్గం వర్క్ అని వెతికినా అందరికంటే పైన సుభద్రక్క షాపే కనిపించేది. ఆ ప్రకటనని ఎవరైనా నొక్కిన ప్రతిసారీ వాళ్లు కట్టిన డబ్బులో కొంత పోతుంది. ఆ రోజుకి కట్టినది అయిపోతే ప్రకటన మాయమవుతుంది. నెల తిరక్కుండా నా దగ్గరికి రావలసిన పెళ్లివాళ్లు అటు వెళ్లడం మొదలుపెట్టారు.

మొదటిసారి ఎందుకు నొక్కాను? ఏం రాశారో చూద్దామని. నిజంగా అంతేనా? ఏమో. రెండోసారి నొక్కినప్పుడు మాత్రం ఎందుకో నాకు బాగా తెలుసు. ఒకే ఫోన్ నుంచి నొక్కితే ప్రకటనలు వేసే కంపెనీ పట్టేస్తుందని ఎక్కడో విన్నాను. అందుకని మా ఆయన ఫోన్, నా దగ్గర పనిచేసే ఆడవాళ్ల ఫోన్లు, చివరికి కొలతలివ్వడానికి వచ్చినవాళ్ల ఫోన్లు కూడా డిజైన్ చూపిస్తానని అడిగి తీసుకుని నొక్కేదాన్ని. పదింటికల్లా ప్రకటన పోయేది. ఆ తర్వాత పనిలో కూర్చునేదాన్ని.

ఒక మధ్యాహ్నం సుభద్రక్క కబురు పెట్టింది. దొరికిపోయాననుకున్నాను. అయినా వెళ్లాను. లోపల అక్క, ఆవిడ కొడుకు కూర్చుని ఉన్నారు. ఝాన్సీ గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"ఏమే, నీకు ఫోన్లు బాగా తెలుసు గదా, ఇదేందో చూడు," అంది అక్క. "పొద్దున కట్టిన డబ్బులు పదింటికల్లా అయిపోతన్నయ్. ఒక్క బేరం రావట్లా. ఈ పిల్లేమో ఎవరో కావాలని నొక్కుతున్నారంటది."

ఝాన్సీ నా వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పు పిన్నీ. ఇట్టా జరుగుద్ది గదా? దొంగ క్లిక్కులని ఉంటయ్ గదా?"

ఆ పిల్ల కళ్లల్లో అనుమానం లేదు. సాయం అడుగుతోంది, అంతే. ఒక్క 'అవును' చాలు. కానీ నేను అవునంటే వీళ్లు కంపెనీకి ఫిర్యాదు చేస్తారు, ఏయే ఫోన్ల నుంచి నొక్కారో వాళ్లు తీస్తారు, మా ఆయన నంబరు బయటికొస్తుంది, నా షాపు ముందు పోలీసు జీపు ఆగుతుంది అని ఒక్క క్షణంలో అంతా కళ్లముందు తిరిగింది.

"ఇట్టాంటియ్యి నేనెప్పుడూ ఇనలేదక్కా," అన్నాను.

అక్క కొడుకు లేచి భార్య చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. రోజూ డబ్బు కట్టేది ఆ పిల్లే కాబట్టి, ప్రకటన పేరు చెప్పి అదంతా పుట్టింటికి చేరవేస్తోందని తల్లీకొడుకులు తేల్చేశారు. ఆ సాయంత్రమే బెల్లంకొండ బస్సెక్కించారు. ప్రకటన ఆగిపోయింది. నొక్కడానికి నాకూ ఏమీ మిగల్లేదు.

ఐదు నెలల తర్వాత పెద్దమనుషులు కూర్చున్నారు. తప్పు ఒప్పుకుంటేనే రానిస్తామన్నారట. ఝాన్సీ ఒప్పుకుంది. చేయని తప్పు అందరి ముందూ ఒప్పుకుని కాపురానికి వచ్చింది. అది విన్న రోజు నాకు అన్నం సయించలేదు. అయినా నోరు విప్పానా? లేదు. ఇప్పటికీ ఆ ఇంట్లో పాల ప్యాకెట్‌కి కూడా ఆ పిల్ల చేతికి డబ్బివ్వరు. బజార్లో కనిపిస్తే "బాగున్నావా పిన్నీ" అంటుంది. ఆ గొంతులో ఏమైనా ఉందా అని వెతుక్కుంటాను. తెలిసే పలకరిస్తోందా? తెలిస్తే ఎందుకు ఊరుకుంది? ఆ భయంతో వీధి మార్చుకుని వెళ్లిన రోజులు ఎన్నో.

చెప్పేద్దామని రెండుసార్లు వాళ్ల గుమ్మం దాకా వెళ్లాను. రెండుసార్లూ జరీ దారం అప్పడిగి తెచ్చుకున్నాను.

ఇది రాస్తే క్షమాపణ దొరుకుతుందని కాదు. నేనైతే నన్ను క్షమించను. రేపు కూడా ఫోన్ మోగితే ఇలాగే వణుకుతాను. కానీ ఈ మాట ఒక్క చోటైనా ఉండాలి. ఝాన్సీ ఆ డబ్బు ముట్టలేదు. నొక్కింది నేను. తెలిసి, కావాలని, రోజూ నొక్కాను.

రాసేశాను. చాలా కాలానికి ఊపిరి పూర్తిగా లోపలికి వెళ్లింది.