బయోస్ దాచుకున్న ఒక్క మెగాబైట్

1999లో చోడవరం మెయిన్ రోడ్డు మీద నాదొక కంప్యూటర్ రిపేరు కొట్టు. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అన్నట్టు, కె.కోటపాడు నుంచి బుచ్చయ్యపేట దాకా ఎవరి మిషన్ మొరాయించినా నా దగ్గరికే తెచ్చేవారు. అవన్నీ డెస్క్‌టాప్‌లే. నా చేతికి వచ్చిన ల్యాప్‌టాప్ ఒక్కటే, షరీఫ్ గారిది.

షరీఫ్ గారిది అనకాపల్లి. ఒక ధర్మాసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. మోటారు సైకిల్ మీద మైక్రోస్కోపు కట్టుకుని దేవరాపల్లి వైపు ఊళ్లకు వెళ్లి, దగ్గుతో బాధపడేవాళ్ల కఫం తీసి గాజు స్లైడు మీద పూసి, బడి వరండాలో కూర్చుని టీబీ ఉందో లేదో చూసేవారు. చూసిన స్లైడు మీద పేరు రాసి పెట్టెలో దాచేవారు. ఫలితాలు అక్కడికక్కడే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, జబ్బు ఉన్నవాళ్ల జాబితా వారానికోసారి ప్రింటు తీసి ఆసుపత్రికి పంపేవారు. అందులో పేరున్నవాళ్లకు మాత్రలు మొదలయ్యేవి. పేరు లేదంటే జబ్బు లేనట్టే.

ఆ ల్యాప్‌టాప్ ఎవరో దానమిచ్చిన పాతది. రెండుసార్లు వైరస్ పట్టింది. నేను కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలోంచి వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసి, జాబితా ప్రోగ్రాం కూడా రాసిచ్చాను. మెమరీ పెంచి 96 మెగాబైట్లు చేశాను. కొత్త సిస్టమ్‌కి మాత్రం అందులో 64 మాత్రమే కనిపించాయి.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మిషన్ ఆన్ చెయ్యగానే ముందు లేచేది బయోస్, అంటే బోర్డు మీది చిప్‌లో ఉండే చిన్న ప్రోగ్రాం. మెమరీలో ఏ భాగం వాడుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో అదే ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పాలి. దాన్ని మెమరీ మ్యాప్ అంటారు. నేను వేసిన సిస్టమ్ బయోస్‌ని పాత పద్ధతిలో అడిగేది. ఆ పద్ధతిలో 64 దాటి జవాబు రాదు. అప్పుడు మాబోటి మెకానిక్కులం చేసే పని ఒకటుండేది. ర్యామ్ కార్డుల మీది అంకెలు కూడి, వచ్చిన మొత్తాన్ని మేమే టైపు చేసేవాళ్లం. నేనూ 96 అని కొట్టేశాను.

అంతటితో ఊరుకోలేదు. షరీఫ్ గారు ఎప్పుడూ వెంట ఉంచుకునే రిజిస్టరు చూసి, "ఇంకా ఆ పుస్తకం ఎందుకండీ, ఒక పనికి రెండు పనులు" అని వెటకారం చేశాను.

"రాసుకుంటే మంచిది కద బాబూ" అన్నారాయన.

"మిషన్ మర్చిపోదు లెండి."

ఆయన నా మాట నమ్మి పుస్తకం మానేశారు.

నాలుగు నెలల తర్వాత వచ్చి ల్యాప్‌టాప్ నా బల్ల మీద పెట్టారు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"దేవరాపల్లి అవతల నుంచి గౌరమ్మని ఒకామెని ఆసుపత్రికి తెచ్చేరు. నెత్తురు కక్కుతంది. ఆమెని నేను సూసేను బాబూ, గుర్తున్నాది. పెట్టెలోంచి పాత స్లైడు తీసి మళ్లీ సూసేను, నిండా క్రిములే. మరి జాబితాలో పేరు లేదేటి?"

ఫైలు తెరిచాను. పేర్ల మధ్యలో ఒకచోట అర్థంకాని గుర్తులు, వాటి కింద మళ్లీ మామూలుగా పేర్లు. చదవలేని వరుస తగిలితే నా ప్రోగ్రాం దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. జాబితా శుభ్రంగా కనబడాలని నేనే అలా రాశాను.

కారణం తెలియడానికి రెండు రోజులు పట్టింది. బ్యాటరీ మిగలాలని షరీఫ్ గారు ఒక స్లైడుకీ ఇంకో స్లైడుకీ మధ్య ల్యాప్‌టాప్ మూత మూసేవారు. మూత మూస్తే మిషన్ నిద్రపోతుంది. నిద్రపోయే ముందు బయోస్ తన సొంత వివరాలు మెమరీ చివర, తనకోసం అట్టేపెట్టుకున్న ఒక మెగాబైట్‌లో రాసుకుంటుంది. అది నాకు తెలియదు. నేను 96 అని చెప్పినందుకు సిస్టమ్ ఆ చివరి భాగాన్ని కూడా ఖాళీ అనుకుని, ఇంకా డిస్కుకు చేరని పేర్లు అక్కడ ఉంచింది. వాటి మీద బయోస్ రాసేసింది. మూత తెరిచాక ఆ చెత్తే డిస్కుకు ఎక్కింది. 95 అని కొట్టి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

షరీఫ్ గారు పెట్టెలోని స్లైడులన్నీ మళ్లీ చూశారు. ఇంకో ముగ్గురి పేర్లు పోయాయని తేలింది. వాళ్లకు మాత్రలు అందాయి. గౌరమ్మ మాత్రం ఆ వారంలోనే చనిపోయింది.

"నేను సెప్పలేను. నువ్వే వచ్చి సెప్పు" అన్నారు షరీఫ్ గారు.

ఇద్దరం వెళ్లాం. గౌరమ్మ భర్త అప్పలనాయుడు చెరకు నరికే కూలీ. చెయ్యి కడుక్కుని వచ్చి మా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. బయోస్, మెమరీ అతనికి ఎందుకు? ఆమె పేరు జాబితాలో ఉండాల్సిందనీ, నా తప్పు వల్లే పోయిందనీ చెప్పాను.



"కాయితంలో పేరు లేదన్నారు బాబూ" అన్నాడతను. "అది దగ్గుతంటే నానే కసిరేను. జబ్బు లేదన్నారు కదే, ఏటే ఈ దొంగ దగ్గు అన్నాను. రానంటే సెరకు నరకడానికి తోలేను."

"తప్పు నీది కాదు" అని మళ్లీ చెప్పాను. అతను తల ఊపాడు, కానీ నా మాట అతనికి ఎక్కలేదు.

అప్పటి నుంచి బయోస్ ఇస్తానన్న మెమరీకి మించి ఒక్క బైటు కూడా వాడను. చదవలేని వరుస వస్తే నా ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, కస్టమర్లు తిట్టినా సరే. ఇవి పని నేర్పిన పాఠాలు, ఎవరైనా నేర్చుకోవచ్చు. ఆ వాకిట్లో నాకు తెలిసింది వేరు. నేను తప్పు అంకె కొడితే, ఏ పాపం ఎరగని మనిషి చనిపోయిన భార్యను తాను తిట్టిన తిట్టు తలుచుకుంటూ బతకాల్సి వస్తుంది.