రాజు దుంకిన ఆట

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. ఆర్మూర్‌లో ఖాళీ గది కనిపిస్తే పసుపు బస్తాలు నింపుతారు. దయ్యానికి చోటెక్కడ?

అలాంటి బస్తాల పైగదిలో కూర్చుని ఇంటర్నెట్‌లో చదరంగం పోటీలు నడుపుతాను. ఆడేది మనుషులు కాదు, కంప్యూటర్ ప్రోగ్రాములు. రాసినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో పంపుతారు, నా కంప్యూటర్‌లో ఆడిస్తాను. ప్రోగ్రాములు ఓడిపోయినా తిట్టవు. ఆ పని రాసినవాళ్ళు చూసుకుంటారు.

కింద రైతుల పసుపు కమీషన్‌కు అమ్మిపెట్టే అడ్తి దుకాణం, మా పెదనాన్నది. పెద్దబాపు అంటాం. మధ్యాహ్నం కాంటాలు ఆగాక ఆయనా చదరంగం ఆడేవాడు. వేళ్ళ పసుపు అంటి బోర్డు మీది తెల్లగళ్ళన్నీ పచ్చబడ్డాయి. ఆయనది పాత ఆట. అప్పటిదాకా చెక్ పడని రాజు ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. పోటీల నియమాల్లో అది లేదు. ఒకరోజు ఆయన దూకించిన రాజును తీసి వెనక్కి పెట్టాను.

"మీ రాజుకు మోకాళ్ళ నొప్పులు పెద్దబాపూ, కూసోమను" అన్నాను. పక్క దుకాణాలవాళ్ళు నవ్వారు.

ఆయన నవ్వలేదు. "నీ రూల్ నీ కంప్యూటర్‌కు చెప్పుకో. నా రాజు దుంకుతడు."

తర్వాత మూడేళ్ళు నాతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే పోయాడు. మొండితనంలో మాది మంచి వంశం.

ఆయన పోయిన నెలకు ఫైనల్ వచ్చింది. ఒకవైపు నా ప్రోగ్రాం, మరోవైపు పోలెండ్ అతనిది. నడిపేవాడి ప్రోగ్రాం ఆడటమేంటని ముందునుంచే తిట్లు. రెఫరీ కూడా ప్రోగ్రామేనని, తప్పు ఎత్తు వేస్తే ఆ క్షణమే ఓటమి రాస్తుందని, నేను వేలు పెట్టనని అందరికీ మాటిచ్చాను. నా పోటీకున్న పరువంతా ఆ మాటే.

పట్టపగలు, కింద హమాలీలు బస్తాలు దించుతున్నారు. నా ప్రోగ్రాం గెలుపుకు దగ్గర్లో ఉంది. అప్పుడు పోలెండ్ ప్రోగ్రాం రాజు గుర్రంలా దూకాడు.

రెఫరీ ఆపలేదు. నా ప్రోగ్రాం అదేదో మామూలే అన్నట్టు తర్వాతి ఎత్తు వేసింది. కాసేపటికి ఓడిపోయింది.

చూస్తున్నవాళ్ళంతా స్క్రీన్ ఫొటోలు తీసుకున్నారు. కంప్యూటర్ మొత్తం వెతికాను, వైరస్ లేదు. అదే స్థితినుంచి ఎన్నోసార్లు ఆడించాను, రాజు మళ్ళీ దూకలేదు. ఆ ఆట ఫైలు తెరిస్తే ఇప్పుడు అదే రెఫరీ, అదే ఎత్తు దగ్గర తప్పని ఆగిపోతోంది. పోలెండ్ అతణ్ణి అడిగితే అలాంటి నియమం వినలేదని, నేనే ఏదో చేశానని రాశాడు. మిగతాది అనువాదం చేయను.

తప్పు ఎత్తుకు ఓటమే కదా. ఫలితం మార్చి నా ప్రోగ్రాం గెలిచిందని రాశాను. సాయంత్రానికల్లా దొంగనయ్యాను.

పెద్దమ్మ దుకాణం ఊడుస్తుంటే జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. చీపురు ఆపకుండా అడిగింది, "గెలిచిండా?"

"గెలిచిండు. రూల్ ప్రకారం ఆ గెలుపు కొట్టేసిన."

"మళ్ళనా?" అంది.

మరుసటి పోటీకి ఒక్కరూ ప్రోగ్రాం పంపలేదు. అది పెద్దబాపే అని నేననను. ఆయన నా గదికి వస్తాడంటే నమ్మను, మాకు మాటల్లేవు. మరి రాజును దూకించిందెవరో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.