తలకు పెట్టిన గంజి

నా చిన్నప్పుడు మా వీధి ఆడపిల్లలందరూ మా అవ్వ చేత తల దువ్వించుకునే బడికి పోయేవాళ్ళు. కోసిగికి దగ్గరలో మాదొక చిన్న ఊరు. మాది మగ్గాల వీధి. తెల్లవారితే ఆడవాళ్ళకు మగ్గానికి నూలు కండెలు చుట్టే పని, నీళ్ళ పని, పొయ్యి పని అన్నీ ఒక్కసారే మీద పడేవి. పిల్లల తలల దగ్గర కూర్చునే తీరిక ఎవరికీ ఉండేది కాదు. మా అవ్వ ఒక్కతే ఆముదం గిన్నె, కొయ్య దువ్వెన, జడలు కట్టడానికి చించిన గుడ్డపేలికలు ముందర పెట్టుకుని అరుగు మీద కూర్చునేది. ఎవరి పిల్ల వచ్చినా ముందు తల చూసేది, తర్వాతే మొహం చూసేది.

తలల విషయంలో అవ్వకు చాలా పట్టింపులు ఉండేవి. తడి తల దువ్వనిచ్చేది కాదు. నడినెత్తి నుంచి దువ్వెన లాగితే చేతి మీద కొట్టేది. కొసల దగ్గర చిక్కు విడిపించి, కొంచెం పైకి పోయి, మళ్ళీ అక్కడ విడిపించి, అలా పైదాకా పోవాలి. వారానికోసారి పలచటి గంజిలో సీకాయపొడి కలిపి తల రుద్ది, అది ఆరకముందే గోరువెచ్చటి నీళ్ళతో కడిగేసేది. ఎండాకాలం మెంతులు నానబెట్టి రుబ్బి పట్టించేది. ఇంత చేసినా నాది మాత్రం ఎలుకతోక జడే. చిటికెనవేలికంటే లావు కాలేదు. అప్పుడు నాకు పదేళ్ళు. అద్దం ముందు నిలబడి ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఊరి చివర చర్చి పక్కన కూలి పనులు చేసుకునే వాళ్ళ ఇండ్లు ఉండేవి. వాటిల్లో ఒక ఇంట్లో ఏడేళ్ళ పిల్ల ఉండేది. తండ్రి లేడు. తల్లీ, జేజి అని పిలిచే నాయనమ్మా, ఆ పిల్లా. అందరూ ఆ పిల్లను చిన్నపాప అనేవాళ్ళు. వానలు ముఖం చాటేసిన ఆ ఏడు తల్లి సుగ్గికి పోవాల్సి వచ్చింది. మా వైపు సుగ్గికి పోవడమంటే ఊళ్ళో పని దొరకని వాళ్ళు మూటాముల్లె సర్దుకుని, బళ్ళారి వైపు కాలవ కింది పొలాలకు కోతల కోసం నెలల తరబడి వెళ్ళిపోవడం. పోయే ముందు రోజు ఆమె బిడ్డను వెంటబెట్టుకుని మా అరుగు దగ్గరికి వచ్చింది.

“అవ్వా, మా అత్తకు కండ్లు కనపడవు. నా బిడ్డ తల రోంత చూసుకో. ఈస్టరు పండగకు వస్తా. వచ్చినాక ఒంటిజడ ఏసి, నిండా పూలు పెట్టి, చర్చికి పిల్చకపోతా.”

మా అవ్వ సరేనంది. చర్చి పక్క ఇండ్ల పిల్లను అరుగెక్కించుకుంటున్నావా అని వీధిలో ఒకరిద్దరు మూతి ముడిచారు. “తలకు నూనె పెడతాండా, అంతే గదా. మీ ఇంటికేమన్నా పంపిస్తాండానా” అని అవ్వ వాళ్ళ నోళ్ళు మూయించింది.

చిన్నపాప జుట్టు అలాంటిలాంటిది కాదు. విప్పితే భుజాలూ సగం వీపూ కప్పేసేది. అవ్వ ఆ తల మీద చేయి వేస్తే తీసేది కాదు. “ఇట్లాంటి ఎంటికలు మన ఇండ్లల్లో ఎవరికీ లేవు” అని దువ్విన ప్రతిసారీ అనేది. ఆ పిల్లకు అవేమీ పట్టేవి కాదు. రోజూ ఒకటే అడిగేది, “మా అమ్మ వచ్చేతలికి నడుముకొస్తాదా అవ్వా?” అని. వస్తాది, కదలకుండా కూకో అనేది అవ్వ. పక్కనే నా ఎలుకతోకకు నేనే పేలిక కట్టుకుంటూ ఈ మాటలు వినేదాన్ని. నాకు కడుపు మండేది. అంత చిన్నపిల్ల మీద, అందునా తల్లి దగ్గర లేని పిల్ల మీద కుళ్ళుకున్నానని రాయడానికి ఇప్పుడు కూడా చేయి ఆడడం లేదు.

పడుగుకు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు పోగులకు, గంజి పెట్టే రోజున మా వీధంతా సందడిగా ఉండేది. పొద్దు పొడవకముందే వీధి పొడుగునా పడుగు నూలును చాచి కట్టేవాళ్ళు. చిక్కటి గంజి పూసి, పెద్ద కుంచె పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు లాగేవాళ్ళు. నూగులు లేచి ఉన్న నూలు కళ్ళ ముందే నున్నగా అయి, ఆరేసరికి గట్టిపడి మెరిసేది. అలా ఒకరోజు పని అయిపోయాక కుండ అడుగున గంజి మిగిలింది. మా నాయన నిద్రపోతున్నాడు. అమ్మ, అవ్వ కోసిగి సంతకు పోయారు. చిన్నపాప ఎప్పటిలాగే మా ఇంటికి వచ్చింది. నూలుకు పనికొచ్చేది వెంట్రుకకు ఎందుకు పనికిరాదని నాకు తోచింది. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లకు తప్ప ఇంకెవరికీ రాని బుద్ధి అది.

మెరుస్తుందనే పూశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. నిజంగా మెరుస్తుందని నమ్మి ఉంటే ముందు నా తలకే పూసుకునేదాన్ని కదా.

“పడుగుకు పెట్టినట్ల పెడతా. శానా పొడుగైతాది. మీ అమ్మ వచ్చేతలికి నడుముకొస్తాది” అన్నాను. ఆ పిల్లకు ఏ మాట చెబితే కూర్చుంటుందో నాకు బాగా తెలుసు. చెప్పగానే వెనక్కి తిరిగి, తల నా చేతికిచ్చి కూర్చుంది. చేతుల నిండా గంజి తీసి మొదళ్ళ నుంచి కొసల దాకా పూశాను. పెరట్లో ఎండకు కూర్చోబెట్టాను. మా వైపు ఎండ సంగతి చెప్పేదేముంది, కాసేపటికే జుట్టంతా అట్టకట్టింది. “బిగుసుకుంటాంది అక్కా” అంది. పెద్దవాళ్ళు చేసినట్టే చేయాలని కుంచె తెచ్చి లాగాను. అది మెడ దగ్గర ఇరుక్కుపోయింది. ఇంకా గట్టిగా లాగాను. వెంట్రుకలు కుంచెతో పాటు ఊడి వచ్చాయి. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు కారిపోతున్నాయి, అయినా “నొప్పి లేదక్కా” అంటూనే ఉంది. నేను చేస్తున్నది తన మంచికే అనుకుంది.

నాకు భయం పట్టుకుంది. మగ్గం దగ్గరి కత్తెర తెచ్చి, కుంచె ఇరుక్కున్న చోట గుప్పెడు జుట్టు కత్తిరించేశాను. ఆ జుట్టును పొయ్యి బూడిదలో దాచాను.

అవ్వ సంత నుంచి వచ్చి, చూసి, చేతిలోని సంచి కింద పెట్టింది. అరవలేదు. ఎవరు చేసినారు అని మాత్రం అడిగింది. “చిన్నపాపే పూసుకునింది. నేను చూల్యా” అన్నాను. చిన్నపాప నా వైపు తిరిగి చూసింది. ఔనని అనలేదు, కాదనీ అనలేదు. అవ్వ నా చేయి పట్టుకుని వెలుగులోకి తిప్పి చూసింది. గోళ్ళ సందుల్లో గంజి ఎండిపోయి తెల్లగా ఉంది. నా చేయి మెల్లగా వదిలేసి, నీళ్ళు కాగబెట్టడానికి లోపలికి పోయింది.

పొద్దు వాలేదాకా ముగ్గురమూ పెరట్లోనే ఉన్నాం. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ తడిపి తల మీద కప్పడం, గంజి నానాక వేళ్ళతోనే పాయపాయగా విడదీయడం, మళ్ళీ తడపడం. దువ్వెన ముట్టుకోనివ్వలేదు. అన్నీ నా చేతే చేయించింది. లాగొద్దు, యాడ వదులైతాదో ఆడ పట్టుకో అని మాత్రం అప్పుడప్పుడూ చెప్పేది. గంజి అంతా పోయి తల ఆరాక ఆముదం వెచ్చచేసి పెట్టించింది. జుట్టు చాలావరకు దక్కింది. మెడ దగ్గర మాత్రం నాలుగు వేళ్ళ మేర పొట్టిగా మోడులా మిగిలింది. రెండు జడలు వేసి పైకి మడిచి కడితే అది కనిపించదని అవ్వే చూపించింది.

అంతా అయ్యాక అవ్వ, “నాకూ కండ్లు మసకలైనాయి. రేపట్నుంచి ఈ బిడ్డ తల నువ్వే చూడు” అంది. ఆ సాయంత్రమే మగ్గం మీద తెగిన పోగును అదే కళ్ళతో వెతికి పట్టుకుని ముడివేసింది. నేను చూస్తూనే ఉన్నాను.

ఆ మరునాటి నుంచి ఈస్టరు దాకా చిన్నపాప తల నా చేతుల్లోనే ఉంది. అవ్వ నాలుగు దెబ్బలు వేసి ఉంటే అంతటితో పోయేది. ఇది పోలేదు. చిన్నపాప పొద్దున్నే వచ్చి, ఏమీ జరగనట్టు నాకు వీపు తిప్పి కూర్చునేది. నా చేతిని చూసి ఒక్కరోజూ బెదరలేదు. మెడ దగ్గరి ఆ మోడు మీద వేలు పడినప్పుడల్లా నాకే ఒళ్ళు జలదరించేది. నిద్ర లేవగానే నూనె వెచ్చబెట్టేదాన్ని. సీకాయ నేనే దంచేదాన్ని. ఒక్క వెంట్రుక రాలినా లెక్కపెట్టుకునేదాన్ని. అవ్వ గుమ్మంలో కండెలు చుడుతూ చూస్తుండేది. నేను ఎప్పుడు నోరు తెరుస్తానా అని ఆమె ఎదురు చూస్తోందని నాకు పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు. చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. రేపు చెబుదాంలే అనుకునేదాన్ని.

పండుగ రెండు రోజులుందనగా తల్లి వచ్చింది. ఇంట్లో మూట దించి, బిడ్డను తీసుకుని నేరుగా మా అరుగు దగ్గరికే వచ్చింది. ఎండకు నల్లబడి, సగమైపోయింది మనిషి. బిడ్డను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, నవ్వుతూ జడలు విప్పింది. వేళ్ళు తలంతా తిరిగి మెడ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. నవ్వు పోయింది.

“ఇదేందే?”

నేను అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. చిన్నపాప తల తిప్పకుండానే, “నేనే గంజి పూసుకుంటినమ్మా. అక్కే అంతా బాగు చేసింది” అంది.

తల్లి ఆ పిల్ల వీపు మీద ఒక్కటి వేసింది. గట్టిగా కాదు, కానీ ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. “కన్నతల్లిని నేనే ఇట్ల చూసుకోల్యా. నువ్వు సల్లగుండల్ల పాపా” అంది. బిడ్డ కోసం తెచ్చిన ఎర్ర రిబ్బనును పళ్ళతో రెండుగా తెంపి, సగం నాకిచ్చింది. గుమ్మంలో అవ్వ చేతిలోని కండె ఆగింది. నా వైపే చూసింది. నేను రిబ్బను తీసుకున్నాను. అవ్వ తల దించుకుని మళ్ళీ కండె చుట్టసాగింది.

మరునాడు అవ్వే నన్ను పిలిచి, ఎన్నో నెలల తర్వాత నా తల దువ్వి, ఆ రిబ్బను నా జడకు కట్టింది. వద్దవ్వా అన్నాను. “ఇచ్చినారు గదా, కట్టుకుని పో” అంది. అంతకు మించి ఆ సంగతి ఆమె బతికున్నన్నాళ్ళూ ఎత్తలేదు. బడిలో అందరూ రిబ్బను బాగుందన్నారు. నిజం చెప్పాలంటే నాకూ బాగుంది. ఎగురుతూ ఇంటికి వచ్చాను. అది తలుచుకుంటే అబద్ధం చెప్పినదానికంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

పండుగనాడు చిన్నపాప ఒంటిజడ వేసుకుని, కనకాంబరాలు పెట్టుకుని, చర్చికి పోతూ మా అరుగు ముందు ఆగింది. ఆ మోడు కొసలు పూల కింది నుంచి బయటికి పొడుచుకొచ్చాయి. వెనక్కి తిరిగి నాకు చూపించి, ఎట్లుండాది అక్కా అని అడిగింది. బాగుండాది అన్నాను. ఆ తర్వాత తల్లే దువ్వేది, ఆ పిల్ల మా అరుగుకు రాలేదు; చెప్పడానికి అదే నాకు మిగిలిన చివరి అవకాశమని అప్పుడు తెలియదు. ఆ వానాకాలంలో వాళ్ళ జేజి పోయింది. ఊళ్ళో చూసుకునే వాళ్ళు లేక, మళ్ళీ సుగ్గికి పోయేటప్పుడు తల్లి ఆ పిల్లను కూడా వెంట తీసుకుపోయింది. వాళ్ళు తిరిగి రాలేదు. ఎక్కడున్నారో మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఇప్పుడు నేను కర్నూలులో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మనవరాళ్ళిద్దరికీ తల దువ్వేది నేనే. వాళ్ళకు ఇప్పుడు నేనే అవ్వను. అవ్వంత మెత్తగా ఎవరూ దువ్వరు అని పిల్లలు నా దగ్గరికే పరిగెత్తుకుని వస్తారు. ఇట్ల దువ్వేది యాడ నేర్చినావత్తా అని కోడలు ఒకసారి అడిగింది. మా అవ్వ నేర్పింది అన్నాను. అప్పుడు కూడా సగమే చెప్పాను.

చెప్పని ఆ సగం ఇన్నేళ్ళకు ఇక్కడ రాశాను. రాస్తే బరువు దిగుతుందంటారు, దిగలేదు. ఎందుకో నాకు తెలుసు. చిన్నపాప రెండో తరగతి నడిమధ్యలో బడి మానేసి పోయింది. ఆ తర్వాత ఆ పిల్లను ఎవరు బడికి పంపి ఉంటారు? ఇది అచ్చయి ఎవరెవరి చేతికో చేరినా, చివరికి తన చేతికే చేరినా, తనకు చదవడం రాదు. ఆ సంగతి తెలుసు కాబట్టే ఇంత ధైర్యంగా రాశాను.