క్షారాల అల్మారాలో ఒక క్రీము డబ్బా

మా ప్రయోగశాలలో క్షారాలు పెట్టే అల్మారాకు పసుపు తలుపులుంటాయి. కింది అరలో సోడియం హైడ్రాక్సైడ్ సీసాలు. రంగులు కలిపే ట్యాంకులను మా ఫ్యాక్టరీలో కడిగేది దానితోనే. ఆ సీసా తీయాలంటే చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. అదే పదార్థాన్ని పదకొండేళ్ళ వయసు నుంచి నా తలకు పూశారు. తొడుగులు వేసుకున్నది పూసేవాళ్ళు. నా నెత్తికి ఏ రక్షణా లేదు.

మాది హైదరాబాద్. ఒకప్పుడు నిజాం అశ్వదళం కోసం ఆఫ్రికా నుంచి రప్పించిన రౌతుల సంతతి మేము. ఇంట్లో ఉర్దూ, గల్లీలోనూ బడిలోనూ తెలుగు. నాది మా దాదీ జుట్టు, అంటే నాన్నమ్మది. ప్రతి వెంట్రుకా సన్నని స్ప్రింగులా చుట్టుకుని తల చుట్టూ లేచి నిలుస్తుంది, కిందికి జారదు. బడిలో మాత్రం ఆడపిల్లలందరికీ నూనె రాసిన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు నియమం. టీచరు ఒకరోజు నన్ను పిలిచి దువ్వబోతే దువ్వెన పళ్ళు విరిగాయి. తరగతి నవ్వింది. ఆ దువ్వెన ఈ జుట్టుకు పనికిరాదని ఎవరికీ తోచలేదు. ఆ రోజు నుంచి నా పేరు గిన్నెల పీచు. వేసవి సెలవుల్లో అమ్మీ నన్ను జుట్టు తిన్నగా చేసే క్రీము పూయించడానికి పార్లర్‌కు తీసుకుపోయింది. నెత్తి మండుతోందని ఏడిస్తే, "జర ఓర్చుకో బేటా, మండితేనే సాఫ్ అయితది" అంది. అమ్మీ మీద నాకు కోపం లేదు. ఆ మాట ఆమెకు నేర్పిన లోకం మీద ఉంది.

కెమిస్ట్రీ చదివి, అబుదాబిలో ఐకాడ్ పారిశ్రామికవాడలోని రంగుల ఫ్యాక్టరీలో చేరాక కూడా ఆ మంట మానలేదు. సెలవు రోజున దుబాయ్ వెళ్ళి, కరామాలో ఒక సెలూన్‌లో అదే పూయించుకుని వచ్చేదాన్ని. 2020లో కరోనాతో సెలూన్లు మూతపడ్డాయి. కుదుళ్ళ నుంచి నా అసలు జుట్టు మొలిచింది. వేలితో తాకితే మెత్తగా ఉంది. అంత మెత్తనిదని అప్పటిదాకా నాకు తెలియదు. చివరన వేలాడుతున్న తిన్నని పీచును బాత్రూమ్ అద్దం ముందు నేనే కత్తిరించేశాను.

ఫ్యాక్టరీ మళ్ళీ పుంజుకున్నాక కంపెనీ బస్సులో నా వెనుక సీట్లో ఇద్దరు కొత్తవాళ్ళు కూర్చున్నారు. నన్ను పరాయి దేశస్థురాలనుకుని, "ఆ నెత్తి మీద కోడిగుడ్లు పెట్టొచ్చురా" అని ఒకడు తెలుగులోనే అన్నాడు. నేను వెనక్కి తిరిగి, "పెట్టు అన్నా, పొదుగుతా" అన్నాను. అటువంటి మాటలకు జవాబు చెప్పి మరిచిపోవచ్చు.

మరిచిపోలేనిది ఆ మరుసటి ఏడాది జరిగింది. ప్రయోగశాల ఇన్‌ఛార్జి పోస్టు ఖాళీ అయింది. పెద్ద కొనుగోలుదారు ఒకరు తనిఖీకి వస్తున్నారు. ఆ రోజు వాళ్ళకు ప్రయోగశాల చూపించేవారికే ఆ పోస్టు అని అందరికీ తెలుసు. పరీక్షా పద్ధతులన్నీ రాసింది నేను. మా మేనేజరు గోదావరి జిల్లా మనిషి. నన్ను తన గదికి పిలిచాడు.

"పని నీదేనమ్మా, కాదనను. కానీ వచ్చేవాళ్ళకి ఇండియన్ అమ్మాయని చెప్పాం. నిన్ను చూస్తే కంగారు పడతారు. ఆ జుట్టు కాస్త మనవాళ్ళ జుట్టులా చేయించుకుని వచ్చెయ్, ఖలాస్."

"మనవాళ్ళంటే ఎవరండీ?" అని అడిగాను.

"ఇదిగో, నీతో ఇదే చిక్కు" అని నవ్వాడు.

నా పాస్‌పోర్టూ ఆయన పాస్‌పోర్టూ ఒకే దేశానివి. ఆయనతో నేను మాట్లాడింది ఆయన మాతృభాషలో. అయినా ఇండియన్‌నని రుజువు చేయవలసింది నా వెంట్రుకలు.

ఒకప్పుడు సెలూన్‌కని కొని ఇంట్లో మిగిలిన క్రీము డబ్బాను మర్నాడు ఫ్యాక్టరీకి తెచ్చాను. కొంచెం డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, మీటరును సరిచూసుకుని క్షార తీవ్రత కొలిచాను. పీహెచ్ 12.9. ట్యాంకులు కడిగే ద్రావణానిది 13.2. రెండు పాత్రలనూ ఆయన బల్ల మీద పక్కపక్కన పెట్టాను. అంతకు ముందు ఒక కార్మికుడి మణికట్టు మీద ఆ ద్రావణం చిందితే ఈయనే పరుగున వెళ్ళి, ఆ చేతిని కుళాయి కింద పట్టుకుని నిలబడ్డాడు. ఆయన దుర్మార్గుడు కాదు. నా కోపానికి అది ఇంకో కారణం. ఆ సంగతి గుర్తు చేసి, "ఆ చేతికి నీళ్ళు పోశారు. నా తలకి మళ్ళీ ఇది పూయించుకోమంటున్నారు" అన్నాను.

ఆయన ట్యాంకు ద్రావణం పాత్రను వేలితో చూపాడు. "అది కెమికల్ కదమ్మా. ఇది బ్యూటీ ఐటమ్" అన్నాడు. నేను సెలూన్‌కు వెళ్ళనన్నాను. అయితే ప్రయోగశాలను నా కింద పనిచేసే జూనియరు చూపిస్తాడన్నాడు.

నేను డబ్బా మీద తినివేసే పదార్థాలకు అంటించే గుర్తు అంటించి, పేరు, గాఢత, తేదీ రాసి, సోడియం హైడ్రాక్సైడ్ సీసాల పక్కన పెట్టాను.

తనిఖీ రోజున జూనియరు నేను రాసిన పద్ధతులను తడబడుతూ అప్పజెప్పాడు. ఇన్‌ఛార్జి పోస్టు అతనికే వెళ్ళింది. నేను గాజు తలుపుకు ఇవతల, నా జుట్టుకు పట్టే పెద్ద సైజు ల్యాబ్ టోపీ పెట్టుకుని, మామూలు శాంపిళ్ళు కొలుస్తూ ఉన్నాను. ఆ రోజు తనిఖీవాళ్ళు రావడానికి కొద్దిసేపటి ముందు మేనేజరు అల్మారా తెరిచి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ డబ్బా ఈ ఒక్క పూట తీసెయ్యమ్మా. చూస్తే ఏమనుకుంటారు?"

"అది ఉండవలసిన చోటే ఉంది సార్" అన్నాను. ఆయన తలుపు మూశాడు. డబ్బా లోపలే ఉంది.