పది గీతలు, పైన కొసరు

డాక్టరు మా చెల్లె చేతిలో పెట్టిన చీటీకి ఒకవైపు ఇంగ్లీషు, ఇంకోవైపు ఉర్దూ. మా చెల్లెకు రెండూ రావు. తెలుగు అక్షరమూ రాదు. ఎనిమిదేళ్ళ కూతురు కడవలకు కడవలు నీళ్ళు తాగుతూ, ఎముకల గూడై మంచం పట్టిందని పట్నం తీసుకెళ్ళాం. చక్కెర రోగమన్నారు. బతికినన్నాళ్ళూ రోజూ పొద్దున సూదిమందు పడాలట. తక్కువైనా ముప్పే, ఎక్కువైనా ముప్పే. ఇదంతా డాక్టరు నాతో చెప్పాడు. పిల్లను ఒళ్ళో వేసుకుని నేల మీద కూర్చున్న తల్లి వైపు ఒక్కసారైనా చూడలేదు.

"ఆమెకు జర సమజయ్యేటట్టు చెప్పుండ్రి సాబ్. పొద్దుగాల సూది ఇచ్చేది ఆమెనే" అన్నాను.

"ఆమెకేం తెలుస్తది? నువ్వు చదువుకున్నోనివి, నువ్వు చూసుకో" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నేను నాగర్‌కర్నూల్ బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. చెల్లె కాపురం బిజినేపల్లి అవతల ఒక పల్లెలో. రోజూ తెల్లారేసరికి అంత దూరం నడిచి, సూది పొడిచి, బడి గంటకల్లా వెనక్కి రావడానికి నాకేమైనా రెక్కలున్నాయా? ఇక మా బావ. తేలు కనిపిస్తే చెప్పుకాలితో నలిపేస్తాడు గానీ, సూది చూస్తే కళ్ళు తిరిగి గోడకు జారబడతాడు. మిగిలింది తల్లి. ఆమెకు సిరంజి మీది అంకెలు నేర్పాలి, నేర్పకపోతే పిల్ల దక్కదు.

ఎండాకాలం సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిపాను. మందు సీసాలు చల్లగా ఉండాలని తడి ఇసుక పోసిన కుండలో దించాం. గాజు సిరంజి మీద సన్నటి గీతలు ఇరవై ఉన్నాయి. ఐదో గీత దగ్గర 5, పదో గీత దగ్గర 10; పిల్లకు రోజూ పడాల్సింది ఆ పదే. అవే గీతలు బొగ్గుతో గోడ మీద పెద్దగా గీశాను. మా చెల్లెకు లెక్క రాదని ఎవరైనా అంటే నాలుక కోస్తాను. నోటి లెక్కలో నాకన్నా చురుకు. గొర్రెల మంద ఇంటికొస్తుంటే వాకిట్లో రొట్టెలు కొడుతూనే ఎన్ని తక్కువయ్యాయో చెప్పేది. కానీ అంకెను కంటితో గుర్తుపట్టడం, గీతకూ గీతకూ మధ్య చూపు నిలపడం ఆమెకు కొత్త. నాకేమో ఓపిక తక్కువ. బడిలో బెత్తం పట్టి పట్టి నోరు కూడా బెత్తంలాగే తయారైంది. మొద్దు అన్నాను. ఇంకా చాలా అన్నాను.

"తిట్టుకో అన్నా, ఎంత తిడ్తవో తిట్టు. గాని మల్లొక్కసారి చెప్పు" అనేది.

నీళ్ళతో సిరంజి నింపి నింపి వేళ్ళు నానిపోయాయి గానీ పట్టు విడవలేదు. సెలవులు అయిపోయేసరికి పదో గీత దగ్గర ఆపడం, గాలిబుడగ తట్టి పోగొట్టడం, పిల్ల తొడ మీద చర్మం పట్టి సూది దించడం, అన్నీ వచ్చాయి. నేను మీసం మెలేసుకుంటూ నాగర్‌కర్నూల్ వచ్చాను. లెక్కల పంతుల్ని కదా!

అప్పటి సర్కారు బడులకు శుక్రవారమే సెలవు. వానలు మొదలయ్యాక ఒక శుక్రవారం పొద్దెక్కాక వాళ్ళ ఇంటికి చేరేసరికి పిల్ల మంచంలో వణుకుతోంది. చల్లగాలి కొడుతుంటే దాని ఒళ్ళంతా చెమట. పిలిస్తే నా వైపు చూస్తుంది గానీ నన్ను పోల్చుకోవడం లేదు. గాలి సోకిందని మా చెల్లె నిమ్మకాయ పట్టుకుని ఏడుస్తోంది. మందు ఎక్కువైతే ఇలాగే అవుతుందని, వెంటనే బెల్లం పెట్టమని డాక్టరు నాతో అన్న మాట గుర్తొచ్చింది. బెల్లం నీళ్ళు కలిపి, పిల్లను పక్కకు తిప్పి, బుగ్గ లోపల వేలితో కొద్దికొద్దిగా రాశాను. ఎంతసేపు రాశానో నాకు తెలియదు. చివరికి పిల్ల కళ్ళు నిలిపి, "మామా, ఎప్పుడొచ్చినవ్?" అంది.

అప్పుడు నా కోపం కట్టలు తెగింది.

"ఎన్ని గీతలిచ్చినవ్?"

"పదే అన్నా."

"నీళ్ళు తియ్. చూపియ్."

తీసింది. పదో గీత దగ్గర సరిగ్గా ఆగింది. ఆగి, ఇంకాస్త లాగింది. పదమూడు.

"పది దాటినవ్ కదనే!"

"పది పదే అన్నా. పైది కొసరు."

ఆమే చెప్పింది. "ఊరోళ్ళకు జొన్నలు కొలిస్తెనే పైన గుప్పెడు ఏస్తం. నా బిడ్డకు కొలిచి ఉత్త చేతుల ఎట్ల ఊకుంట? రోజు ఒక్క గీత కొసరేస్త. ఇయ్యాల రొట్టె ముట్టలేదు, పానంల బలం లేదని జర ఎక్కువ ఏసిన."

చెయ్యి లేచింది. తల్లిదండ్రులు పోయాక నేను పెంచిన చెల్లె మీద చెయ్యెత్తాను. "సంపుకుంటవా దాన్ని? తిననినాడు తగ్గియ్యాలె గాని పెంచుతవా?" అని అరిచాను.

"తిననినాడు తగ్గియ్యాల్నని నాకెప్పుడు చెప్పినవ్ అన్నా?"

చెప్పలేదు. డాక్టరు నాకు చెప్పాడు, నేను ఆమెకు చెప్పలేదు. ముందు అంకెలు వస్తే చాలు, ఈ మెలికలన్నీ ఆమెకెక్కడ తెలుస్తాయని నాలోనే దాచుకున్నాను. డాక్టర్ని నెలల తరబడి తిట్టిపోసి, చివరికి నేను చేసిందీ అదే. నా మీద నాకు పుట్టిన ఆ అసహ్యం ఇప్పటికీ చల్లారలేదు. పిల్ల బతికింది కాబట్టి ఇలా కూర్చుని రాయగలుగుతున్నాను.

ఆ రోజు దీపాలు పెట్టేదాకా నాకు తెలిసిందంతా ఆమె ముందు పెట్టాను. మందు ఏం చేస్తుందో, తిండి ఏం చేస్తుందో, చెమట పడితే ఏం చేయాలో. ఒక్కటీ మిగల్చలేదనుకున్నాను. ఆమె ఒక్క ముక్క కూడా మళ్ళీ చెప్పమని అడగలేదు.

మర్నాడు పొద్దున సిరంజి పదో గీత దగ్గర ఆపి, నా వైపు తిరిగింది.

"దొర కూలోళ్ళకు గింజలు కొలుస్తడు చూడు, మానిక మీద పెరిగినయ్ చేత్తోటి గీసి తీస్తడు. గట్ల కొల్వాల్నా నా బిడ్డకు?"

ఆ కొలతను ఊరు ఊరంతా చాటుగా తిట్టుకునేది. "గట్లనే" అన్నాను.

సూది దించింది. కొంతసేపయ్యాక పిల్లకు జొన్నరొట్టె, పప్పు పెట్టింది. పిల్ల ఆకలి మీదుంది. ఒకటి అయిపోగానే తల్లి రెండోది వేసింది, మూడోది చేతిలోకి తీసుకుంది. ఆమె ముఖం అప్పుడే కాస్త తేటపడింది. చెప్పకుండా ఊరుకుందామనుకున్నాను. ఊరుకుంటే నిన్న ఏమైందో చూశాను.

"చెల్లె, రొట్టె గూడ కొలిచే పెట్టాలె. మందు లెక్కకు సరిపోను రోజు ఒక్కతీరుగ, రెండే."

ఆమె మూడో రొట్టె బుట్టలో వేసి మూత పెట్టింది. పిల్ల తల్లి చేతినే చూస్తూ ఉండిపోయింది.